రోటి మాట - తిరుగలి పాట

రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకొన్నట్లు అని మనవారొక సామెత చెబుతారు. రోటికి దెబ్బ ఒకవైపే, మద్దెలకు రెండువైపులా. కష్టంలో ఉన్నవారు తమకన్న ఎక్కువ కష్టంలో ఉన్నవారి దగ్గరకు పోయి గోడు చెప్పుకొంటే ఏమి లాభమని దాని తాత్పర్యం. ఈ సామెతను మేము చిన్ననాటి నుంచి వింటూనే ఉన్నాము. కాని అందులోని వింత చాలాకాలం మాకు తోచలేదు. రాతిరోలుకు నోరెవరిచ్చారు? దానికొక గోడు ఉన్నదని మొదట కనిపెట్టినవారెవరు? సామెతకు కర్త పేరుండదు. అయినా, రోటి ప్రక్కన నిలిచి రోకలి ఎత్తి దించిన చేతికి తప్ప ఆ ఊహ మరెవరికి తోచగలదని అడగడం తప్పుకాదనుకొంటాము.

మన కావ్యాలలో ముఖానికి చంద్రుడున్నాడు, కన్నులకు కలువలున్నవి, నడకకు హంస ఉన్నది. చేటకు, జల్లెడకు, కుంపటికి, తిరుగలికి ఆ సభలో పీట దొరకడం అరుదు. దొరికిన చోట్ల కూడా చూపు వేరు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని ఇంటి అతిథిసత్కారాన్ని వర్ణిస్తూ ఏ ఋతువులో ఏ వంటకాలు వడ్డించేవారో నోరూరేటట్లు చెప్పాడు. తెలుగు సాహిత్యంలో అంతటి భోజన వర్ణన మరొకటి లేదేమో! కాని అది విస్తరి ముందు కూర్చున్నవారి చూపు. పొయ్యి ముందు కూర్చున్నవారి చూపు ఎట్లుంటుందో తెలుసుకొనాలంటే స్త్రీలు పాడుకొన్న పాటలను, పలికిన పలుకులను, తరువాతి కాలంలో వ్రాసుకొన్న వ్రాతలను వెదకవలసి ఉన్నది.

అట్లా వెదికినప్పుడు మాకొక విషయం స్పష్టమైనది. స్త్రీల సాహిత్యంలో ఇంటి వస్తువు మొదట పని, తరువాతనే ప్రతీక. ప్రతీక అయిన తరువాత కూడా అది పని కాకుండా పోదు. దేవుని గురించి చెప్పినా, సంసారాన్ని గురించి చెప్పినా, ఆ వస్తువు బరువును చేయి మరచిపోదు. ఈ మాటకు ఆధారమైన కొన్ని ఉదాహరణలను కాలక్రమాన్ని వీలైనంతవరకు పాటిస్తూ మనవి చేస్తాము.

పన్నెండవ శతాబ్దిలో కన్నడదేశంలో బసవేశ్వరుని చుట్టూ చేరిన శివశరణులలో స్త్రీలు అనేకులు. అక్కమహాదేవి పేరు అందరూ ఎరిగినదే. ఆమెతోపాటు వచనాలు పలికినవారిలో పనిపాటలు చేసుకొని బ్రతికిన స్త్రీలు కూడా ఉన్నారు. వారి వృత్తే వారికి ఇంటిపేరయినది. వడ్లు దంచిన సోమమ్మను కొట్టణద సోమమ్మ అన్నారు. దంపుడు పనిని కొట్నమని మనమూ అంటాము కనుక ఆ పేరు మన చెవికి కొత్తకాదు. నూలు వడికిన రెమ్మవ్వను కదిరె రెమ్మవ్వ అన్నారు. కదిరె అంటే మన కదురే.

ఈ రెమ్మవ్వ తన రాట్నాన్ని గురించి ఒక వచనం పలికింది. నేను త్రిప్పే రాట్నపు కులగోత్రాలు వినండని మొదలుపెట్టి, అడుగు పలక బ్రహ్మ అని, దానిపై భాగాలు విష్ణువు, రుద్రుడు అని వరుసగా చెప్పుకొని పోతుంది. ఇంతవరకు విన్నవారికి ఇదొక చమత్కారపు వేదాంతంగా కనిపించవచ్చు. శరీరాన్ని రథంతో, సంసారాన్ని సముద్రంతో పోల్చినవారు మనకు ఎందరో ఉన్నారు. కాని రెమ్మవ్వ వచనం ముగిసే తీరు వేరు. త్రిమూర్తులను రాట్నంలో కూర్చోబెట్టిన ఆమె, చివరకు ఈ రాట్నాన్ని ఇక త్రిప్పలేను, మగడు కొడతాడు, ఏమి చేయను అని తన దైవమైన గుమ్మేశ్వరునితో మొరపెట్టుకొంటుంది. ఆ మగడు పరమేశ్వరుడే అని వ్యాఖ్యానించేవారు ఉండవచ్చు. ఉండనీయండి. ఆ మాటలోని అలసట మాత్రం భుజం నొప్పి ఎరిగినవారిది. రాట్నం బ్రహ్మాండమైనా, సాయంత్రానికి నూలు లెక్క అప్పగించవలసినదే గదా!

దీని ప్రక్కన కాశ్మీరదేశపు లల్లను నిలిపి చూడాలి. ఆమె పదునాలుగవ శతాబ్దికి చెందిన యోగిని. అత్తవారింట ఆమె పడిన బాధలను గురించి ఒక కథ కాశ్మీరంలో నేటికీ చెప్పుకొంటారు. అత్తగారు కోడలి కంచంలో ముందుగా ఒక రాయి పెట్టి, దానిపై అన్నం పలుచగా పరచేదట. చూచేవారికి కంచం నిండుగా కనిపిస్తుంది. తినేవారికి కడుపు నిండదు. ఇంట్లో విందు జరిగినా జరగకపోయినా లల్ల పాలికి రాయి తప్పదన్న నానుడి ఆ కథ నుండి పుట్టినదంటారు. ఇది చరిత్రయో కల్పనయో ఎవరు తేల్చగలరు? తరతరాల కోడళ్ళు ఆ కథను నిలుపుకొన్నారన్నది మాత్రం చరిత్రే. ఒక కంచం, ఒక రాయి, పిడికెడు అన్నం: అత్తింటి బ్రతుకును ఇంత కొద్ది సామానుతో చెప్పిన కథలు అరుదు.

ఆ లల్ల తన సాధనను చెప్పుకొన్న పలుకులలో ఒక ప్రత్తికాయ కథ ఉన్నది. తాను ప్రత్తిపూవువలె లోకంలోకి వచ్చిందట. దూదేకులవాడు ఏకి దెబ్బలు కొట్టాడు. వడికే స్త్రీ సన్నని పోగుగా మెలిపెట్టింది. సాలెవాడు మగ్గాన వ్రేలాడదీశాడు. చాకలి బండమీద బాదాడు. దర్జీ కత్తెరతో ముక్కలు చేశాడు. ఇన్ని జరిగిన తరువాతనే ఆమెకు పరమపదం లభించింది. సాధకుడు కష్టాలను ఓర్చుకొని సిద్ధిని పొందుతాడని శాస్త్రాలు కూడా చెప్పుతున్నవి. కాని ఏకడం, వడకడం, నేయడం, ఉతకడం, కత్తిరించడం అనే వరుసను ఒక్క మెట్టయినా తప్పకుండా చెప్పడానికి ఆ పనులను దగ్గరగా చూచిన కన్ను కావాలి. రెమ్మవ్వ రాట్నం త్రిప్పే చేయి. లల్ల రాట్నంలో మెలిపడే పోగు. వస్తువు ఒక్కటే. ఒకరు దానిని త్రిప్పుతూ మాట్లాడారు. మరొకరు దానిలో తిరుగుతూ మాట్లాడారు.

ఇక తిరుగలి. దానిని చూడని పిల్లలు నేడు చాలామంది ఉన్నారు కనుక నాలుగు మాటలు చెప్పడం అవసరం. రెండు గుండ్రని రాళ్ళు. క్రింది రాయి కదలదు. దాని నడుమ ఒక మేకు. పైరాయికి నడుమ గింజలు పోసే రంధ్రం, అంచున ఒక కట్టెపిడి. ఎడమచేతితో గుప్పెడు గింజలు పోస్తూ కుడిచేతితో పిడి పట్టి త్రిప్పితే పిండి చుట్టూ రాలుతుంది. చెప్పడం సులభమే. ఇంటిల్లిపాదికీ సరిపడే పిండి కావాలంటే తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే కూర్చోవాలి. ఇల్లంతా నిద్రలో ఉంటుంది. రాళ్ళ రొద గదిని నింపుతుంది. ఆ రొద మరుగున పాడిన మాట ప్రక్కగదిలోనివారికి తెలియదు. అత్తగారి మీది కోపం, పుట్టింటి మీది బెంగ, పోయిన బిడ్డ మీది దుఃఖం, దేవుని మీది నిష్ఠూరం, ఇవన్నీ నోరు విప్పడానికి ఆ వేళ తగినది. పాటకు తాళం వేరే అక్కరలేదు. చుట్టు పూర్తయ్యేసరికి చరణం పూర్తవుతుంది. తిరుగలి స్త్రీకి పని అప్పగించింది. ఆ పనిలోనే మాట్లాడుకొనడానికి ఒక మరుగు కూడా కల్పించింది. ఈ రెండూ కలిసి ఉండడం వల్లనే తిరుగలి పాటలకు అంతటి లోతు వచ్చినదని మా అభిప్రాయం.

తిరుగలి ముందు కూర్చున్న భక్తురాలు మహారాష్ట్రపు జనాబాయి. ఆమె పుట్టినది గోదావరి ఒడ్డున ఉన్న గంగాఖేడులో. మన రాజమహేంద్రవరం ముందు పారే నదియే. చిన్ననాడే పండరిపురానికి వచ్చి నామదేవుని ఇంట దాసిగా కుదిరినది. నామదేవుని కాలం 1270 - 1350 అని చెబుతారు. ఆమెదీ ఆ కాలమే. ఆమె పాడుకొన్న అభంగాలలో విఠ్ఠలుడు గర్భగుడిలో నిలిచి ఉండడు. జనాబాయి విసురుతుంటే ఎదుట కూర్చుని పిడి పట్టుకొంటాడు. ఆమె ఊడుస్తుంటే చెత్త ఎత్తిపోస్తాడు. పిడకలు ఏరి తెస్తాడు. పండరిపురానికి దగ్గరనున్న గోపాలపురంలో జనాబాయి తిరుగలి అని యాత్రికులకు నేటికీ ఒక తిరుగలిని చూపుతారు.

ఈ కథను హరికథలలో వింటున్నప్పుడు భగవంతుడు భక్తసులభుడని మనం మురిసిపోతాము. అది నిజమే. కాని దాసి వైపు నుండి ఒక్కమారు ఆలోచించి చూడండి. భక్తునికి దేవుడు ప్రత్యక్షమైతే సాధారణంగా ఏమి అడుగుతాడు? మోక్షం అడుగుతాడు, లేదా ఐశ్వర్యం అడుగుతాడు. జనాబాయి దేవుని దగ్గర పొందినది రెండవ చేయి. తిరుగలి ఇద్దరు కూర్చుని త్రిప్పితే తేలిక. ఒక్కరే త్రిప్పితే భారం. ఆ ఇంటిలో ఆమె ఎదుట కూర్చొనడానికి ఎవరూ లేరు. ఆ ఖాళీ చోటిలో ఆమె దేవుని కూర్చోబెట్టింది. తిరుగలిని సంసారచక్రమని వేదాంతి చెప్పవచ్చు. దాసికి మాత్రం అది ఎదుటి మనిషి లేని తిరుగలి. దేవుడు అక్కడకు రావలసివచ్చినది అందుకే.

మన తెలుగునాటికి వద్దాము. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, నివాళి పదాలు, వెన్నెల పదాలు మొదలైన పాటల పేర్లు చెప్పాడు. అప్పటికే జనం నోట ఎంత పాట ఉండేదో దీనివలన ఊహించవచ్చు. వడ్లు దంచేటప్పటి సువ్విపాట ఎంత వ్యాప్తిలో ఉండేదంటే, తాళ్ళపాక అన్నమాచార్యుల వంటి మహావాగ్గేయకారుడు ఆ ఫణితిలో సంకీర్తన రచించాడు. రోకలి ఎత్తినప్పుడు పీల్చిన ఊపిరి, దించినప్పుడు విడిచిన ఊపిరి సువ్వి అనే పల్లవిలో నిలిచి ఉన్నవి.

స్త్రీల రామాయణపు పాటలు మరొక నిధి. నందిరాజు చలపతిరావుగారు 1899లో స్త్రీల పాటలను అచ్చువేయించారు. 1955లో కృష్ణశ్రీగారి స్త్రీల రామాయణపు పాటలు వెలువడినది. ఈ పాటలలో వాల్మీకి రామాయణంలోని యుద్ధాలు ఎక్కడో దూరాన వినిపిస్తవి. ముందు వాకిట కాక వెనుక గదులలో కథ నడుస్తుంది. కౌసల్య ప్రసవించే వేళ పైనుండి వ్రేలాడదీసిన త్రాళ్ళు పట్టుకొని నొప్పులు ఓర్చుకొంటుంది. రాముడు అవతారపురుషుడని అందరికీ తెలుసు. ఆ అవతారానికి త్రాళ్ళు కావలసివచ్చినవని పురిటిగదిలోకి వెళ్ళినవారికే తెలుసు.

సీత గడియ అనే పాట ఉన్నది. ఇంటి పనులు ముగించుకొని వచ్చేసరికి సీతకు ఆలస్యమైనది. వేచి వేచి విసిగిన రాముడు పడకటింటి తలుపు మూసి గడియ పెట్టాడు. సీత వెళ్ళి అత్తగారితో చెప్పుకొన్నది. కౌసల్య లేచివచ్చి కొడుకును మందలించినది. చూడబోతే ఎంతో చిన్న కథ. శివధనుస్సు విరిచిన చేయి ఇక్కడ ఒక గడియ వేసినది, అంతే. కాని ఆ గడియ ఎటువైపున ఉన్నదో గమనించారా? లోపలివైపున ఉన్నది. తలుపు వేసే అధికారం ఎవరిదో, బయట నిలిచే వంతు ఎవరిదో ఆ గుప్పెడు ఇనుము చెబుతున్నది. పైగా ఆలస్యానికి కారణమైన పని ఆ ఇంటి పనే. ఇంటికోసం చేసిన పనికి ఇంటిలోనే శిక్ష! అరణ్యవాసం, అగ్నిప్రవేశం, లోకాపవాదం ఇవన్నీ ముందున్న కథలోని పెద్ద తలుపులు. వాటి పోలికను పాడుకొన్న స్త్రీలు ఈ చిన్న తలుపులో ముందుగానే చూపినారని మాకు తోస్తున్నది. అత్తా కోడళ్ళకు పడదన్న లోకపు మాటకు విరుద్ధంగా ఇక్కడ అత్తయే కోడలి పక్షం వహించడం కూడా గమనింపదగినది.

ఊర్మిళాదేవి నిద్ర అందరూ ఎరిగిన పాట. పదునాలుగేళ్ళు ఆమె పాన్పు మీద నిద్రలో ఉండిపోయినది. లక్ష్మణుడు తిరిగివచ్చి ఆ పాన్పు చేరితే ఆమె ఆనవాలు పట్టలేక, పరస్త్రీని కోరి చెడిన ఇంద్రుని, రావణుని ఉదాహరణలు చూపి హెచ్చరించినది. మహాకావ్యం మరచిపోయిన స్త్రీని పాట పాన్పు మీద పడుకోబెట్టి కాపాడుకొన్నది. వనవాసానికి వెళ్ళినవారి కాలాన్ని అడవులతో, ఋష్యాశ్రమాలతో లెక్కించవచ్చు. ఇంట మిగిలినదాని కాలాన్ని లెక్కించడానికి ఒక్క మంచమే ఉన్నది.

ఇంతవరకు చెప్పినవన్నీ నోటి మాటలు, పాటలు. స్త్రీల చేతికి అక్షరం వచ్చిన తరువాత వస్తువుల కథ మారినది. ఆ మార్పును చూపే సంఘటన వంగదేశంలో జరిగినది. రాససుందరీదేవి పంతొమ్మిదవ శతాబ్ది ప్రారంభంలో పుట్టి, పన్నెండేళ్ళకే అత్తవారింటికి వెళ్ళినది. చదువుకొన్న స్త్రీకి వైధవ్యం వస్తుందని భయపెట్టే రోజులవి. ఆమెకు చైతన్యభాగవతం చదవాలని తీరని కోరిక. ఇంటిలో ఆ గ్రంథం విడి ఆకుల వ్రాతప్రతిగా ఉండేది. ఒకనాడు ఆమె ఎవరూ చూడకుండా అందులో ఒక ఆకు తీసి వంటింటిలో దాచినది. పెద్దకొడుకు అక్షరాలు దిద్దుకొన్న తాటాకు ఒకటి సంపాదించినది. వంట మధ్య, పిల్లల ఏడ్పుల మధ్య ఆ రెండు ఆకులను ప్రక్క ప్రక్కన పెట్టి, చిన్ననాడు పుట్టింటి బడిలో విన్న అక్షరాలను జ్ఞప్తికి తెచ్చుకొంటూ, ఒక్కొక్క అక్షరాన్నీ పోల్చుకొని చదువు నేర్చినది. తరువాత ఆమార్ జీబన్ అనే పేరుతో తన కథను తానే వ్రాసుకొన్నది. వంగభాషలో అదే మొదటి ఆత్మకథ. దాని రెండవ భాగం 1897లో వెలువడేనాటికి ఆమె ఎనభై ఏళ్ళు దాటిన వృద్ధురాలు.

వంటింటిలో దాచిన ఆ ఆకును మేము తరచు తలచుకొంటూ ఉంటాము. వంటిల్లు ఆమెకు చెరసాల వంటిది. ఆమె తన జీవితాన్ని పంజరంలోని పక్షితో పోల్చుకొన్నది కూడా. కాని మగవారు రాని చోటు కూడా అదే. దొంగిలించిన చదువును దాచుకొనడానికి అంతకన్న భద్రమైన స్థలం ఇల్లంతటిలో మరొకటి లేదు. తిరుగలి రొద పాటకు ఎట్లా మరుగయినదో, పొయ్యి పొగ చదువుకు అట్లా మరుగయినది. కట్టివేసిన వస్తువే కాపు కాయడం, ఈ ధర్మం మనకు మరల మరల కనిపిస్తున్నది.

అక్షరం నేర్వకుండానే మహాకవయిత్రి అయినవారు మన కాలానికి సమీపంలో మరొకరున్నారు. ఖాందేశపు బహిణాబాయి చౌధరి 1880లో జల్‌గాం ప్రాంతపు ఆసోదే గ్రామంలో పుట్టి, 1951లో మరణించినది. పొలం పని, ఇంటి పని తప్ప ఆమెకు మరొక విద్య లేదు. విసురుతూ, కలుపు తీస్తూ తన పలుకుబడిలో పాటలు కట్టి పాడుకొనేది. కవి అయిన ఆమె కుమారుడు సోపానదేవుడు వాటిని కాగితం మీద పెట్టాడు. ఆచార్య అత్రే వాటిని చూచి ముగ్ధుడై లోకానికి పరిచయం చేశాడు. 1952లో, ఆమె గతించిన మరుసటి ఏడు, ఆ పాటలు అచ్చయినవి. సంసారాన్ని ఆమె పొయ్యి మీది పెనంతో పోల్చినది: ముందు చేయి కాలుతుంది, తరువాతనే రొట్టె. మన ఇండ్లలో ఈ మాట విని తల ఊపని ఇల్లాలు ఉండదు. తిరుగలిని గురించి కూడా ఆమె పాడినది. 2018లో ఉత్తర మహారాష్ట్ర విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. సంతకం చేయడం ఎరుగని చేతికి జరిగిన ఈ గౌరవం చిన్నది కాదు.

తెలుగునాట పత్రికలు వచ్చిన తరువాత స్త్రీల చేతికి ఉత్తరం ఒక సాధనమయినది. కనుపర్తి వరలక్ష్మమ్మగారు గృహలక్ష్మి పత్రికలో శారద లేఖలు అనే శీర్షికతో, ఒక స్నేహితురాలు మరొక స్నేహితురాలికి వ్రాసే ఉత్తరాలుగా లోకవిషయాలను ముచ్చటించారు. సంఘసంస్కరణమూ, ఖద్దరూ, చట్టాలూ ఆ కవరులో ఇమిడి వంటింటిలోకి వచ్చినవి. తరువాతి తరంలో అబ్బూరి ఛాయాదేవిగారు 1974లో బోన్‌సాయ్ బ్రతుకు అనే కథ వ్రాశారు. నేలలో పెరిగితే మహావృక్షం కాగల మొక్కను కుండీలో పెట్టి, కొమ్మలూ వేళ్ళూ కత్తిరిస్తూ పొట్టిగా ఉంచడం ఒక అలంకారవిద్య. పట్టణపు ఇంటిలోని ఆ కుండీని పల్లె నుండి వచ్చిన అక్కగారు చూచి, అందులో ఆడదాని బ్రతుకును గుర్తుపడుతుంది. పెద్ద చదువు లేని మనిషికి ఆ పోలిక తట్టడంలోనే కథ బలమంతా ఉన్నది. 1993లో వెలువడిన నీలిమేఘాలు సంకలనంలో విమలగారి వంటిల్లు కవిత కనిపిస్తుంది. అక్కడ వంటిల్లే ప్రశ్నకు గురియైనది.

ఈ మార్పును గమనించాలి. పూర్వపు స్త్రీ చేతిలోని వస్తువును తోడు చేసుకొన్నది, దానితో మాట్లాడినది, దానిలో దేవుని చూచినది. ఆధునిక స్త్రీ ఈ వస్తువును నా చేతికి కట్టినదెవరని అడిగినది. మొదటి స్త్రీ అమాయకురాలనీ, రెండవ స్త్రీ మాత్రమే తెలిసినదనీ అనుకొనడం పొరపాటు. మగడు కొడతాడని రెమ్మవ్వ అన్నప్పుడు, గడియ లోపలివైపు ఉన్నదని పాట చెప్పినప్పుడు ఆ ప్రశ్న పుట్టనే పుట్టినది. అడగడానికి అనువైన కాలం రావడానికి మాత్రం ఎనిమిది వందల ఏళ్ళు పట్టినది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. తిరుగలిని ఇంతగా పొగడుతున్నారే, మరల తెల్లవారుజామున లేచి విసరమంటారా అని సోదరీమణులు మమ్ము అడుగవచ్చు. ఎంతమాత్రము అనము. పిండిమర వచ్చినది, బియ్యపు మిల్లు వచ్చినది. భుజాలకు విశ్రాంతి దొరికినది. అది సంతోషింపదగిన విషయమే. అయితే ఆ రాయితో పాటు ఆ వేళ కూడా పోయినది. పాటను రాయి నుండి విడదీసి దాచుకోగలిగినవారు దాచుకొన్నారు. మహారాష్ట్రలో హేమా రాయిర్‌కర్, గీ పోయితెవ్వ్యాఁ అనే ఇద్దరు పరిశోధకులు పల్లెపల్లె తిరిగి పోగుచేయించిన తిరుగలి పాటలు లక్షకు మించినవి. మనవైపున బిరుదురాజు రామరాజుగారు జానపద గేయాలపై పరిశోధించి ఆ శాస్త్రానికి పునాది వేశారు. వింజమూరి సోదరీమణులు సీత, అనసూయగార్లు జానపద గేయాన్ని రేడియో ద్వారా మన ఇండ్లకు చేర్చారు. అయినా ఏరుకొన్నదానికన్న జారిపోయినది ఎక్కువన్న బాధ మాకున్నది.

మా ఇంటి ముచ్చట ఒకటి చెప్పి ముగిస్తాము. మా బంధువులలో ఒక పెద్దమ్మగారు తిరుగలి పాటలు బాగా పాడేవారని విని, కాగితం, కలం పట్టుకొని వెళ్ళాము. ఆమె రెండు చరణాలు చెప్పి ఆగిపోయినారు. తరువాత ఏమిటి అంటే జ్ఞాపకం రావడం లేదన్నారు. కొంతసేపటికి కుడిచేయి పిడికిలి బిగించి, ఎదుట తిరుగలి ఉన్నట్లు గాలిలో నెమ్మదిగా త్రిప్పసాగారు. నాలుగు చుట్లు తిరిగేసరికి మూడవ చరణం వచ్చినది; తరువాత నాలుగవది. చేయి ఆగితే పాట ఆగినది. మేము వ్రాసుకొన్నవి పదకొండు చరణాలు. ఇంకా ఉన్నవి, రేపు రండి అన్నారు. మేము మరునాడు వెళ్ళలేదు. ఏవో పనులు అడ్డమైనవి. మరల వెళ్ళేసరికి ఆమె లేరు.

ఆ తప్పు మాది. అందుచేత పాఠకులను ఒక్కటే కోరుతున్నాము. మీ ఇంటి అటక మీదనో, పెరటిలో గోడప్రక్కనో ఒక తిరుగలి, ఒక రోలు ఉండే ఉంటుంది. దానిని అమ్మివేసే ముందు, లేదా పూలకుండీకి పీటగా మార్చే ముందు, ఇంటిలోని పెద్దలలో దానిని త్రిప్పిన చేయి ఇంకా ఉన్నదేమో చూడండి. ఉంటే ఆమెను ఆ రాతి ముందు కూర్చోబెట్టి అడగండి. పాట మాత్రమే కాదు, అది ఏ వేళ పాడేవారు, ఎదుట ఎవరు కూర్చునేవారు, ఏ చరణం దగ్గర గొంతు తగ్గించేవారు, అన్నీ వ్రాసుకొనండి. రేపు రమ్మంటే రేపే వెళ్ళండి.